వంత ధర్మము

మన భాషలో ‘వంత పాడుట’ యను పలుకుబడి యొకటి కలదు. పైవారేమనినను ఔననువానిని, తన కన్నులు చూచినదానిని తన నోట పలుకనివానిని లోకము వంతపాటగాడని పరిహసించును. ఈ పరిహాసము వంతలకు జరిగిన యన్యాయమని మా యభిప్రాయము. బుర్రకథను శ్రద్ధతో వినినవారు వంతలనంత తేలికగా జూడజాలరు. నడుమ కథకుడు తంబుర భుజమున దాల్చి నిలుచును; ఇరుప్రక్కల గుమ్మెటలతో వంతలు నిలుతురు. ఒకరు హాస్యమును, వేరొకరు రాజకీయమును నిర్వహింతురు. ‘తందాన తాన’ యనుట వారి పనిలో ఒక పాలు మాత్రమే. కథకుడు వేగిరపడినచో వారు ప్రశ్నవేసి నిలుపుదురు. శ్రోతకు సందేహము కలుగునని తోచినచోట ఆ సందేహమును తామే యడుగుదురు. గొప్పలు హద్దుమీరినచో నవ్వులాడి నేలకు దింపుదురు. 1986లో పద్మశ్రీ పురస్కారము నందిన షేక్ నాజరు గారంతటి కథకుడును వంతలను ప్రక్కన నిలుపుకొనియే కథ చెప్పెను. అందువలన ఆయన పెద్దరికమునకు లోటు రాలేదు.

ఏ వృత్తియందైనను ఒక జట్టు చక్కగా పనిచేయుటకు గాని, సమర్థులు నిండియు చెడుటకు గాని కారణమును ఈ వంత ధర్మమునందే వెదకవలయునని మేము విన్నవింపదలచితిమి.

సమర్థులను ఒకచోట జేర్చినచో కార్యము దానంతట నెరవేరునని చాలమంది తలంచుచున్నారు. ఐకమత్యమే మహాబలమని మన బాలురకు నేర్పుచున్నాము. ఆ మాట నిజమే. కాని ‘పదిమందిలో పాము చావదు’ అనినవారును మన పెద్దలే. ప్రక్కవాడు కొట్టునని ప్రతివాడును ఊరకున్నచో, పదికఱ్ఱలు చేత నుండగనే పాము పుట్ట జేరును. కావున పదిమంది బలము ఒకటి కావలెనన్న రెండు విషయములు కుదురవలయును. ఎవరి పని యేదియో ముందుగ తేటపడియుండవలెను. ఒకడు చూచినది తక్కినవారికి, అందును ముఖ్యముగ నాయకునికి, వేళకు చేరవలెను. మొదటిదానికై నియమావళులు, ఉత్తరువులు ఎన్నియో వ్రాయబడుచున్నవి. రెండవది ఉత్తరువులతో సమకూడునది కాదు. అది అంతస్తులతోను, అభిమానముతోను, భయముతోను ముడివడియున్నది.

విమానయానచరిత్రను చూడుడు. 1977 మార్చి 27వ తేదీన స్పెయిను దేశమునకు జెందిన టెనెరిఫె ద్వీపమున, దట్టమైన పొగమంచులో, రెండు పెద్ద బోయింగు విమానములు ఒకే రన్‌వేపై ఢీకొనెను. 583 మంది మరణించిరి. బయలుదేరబోవుచున్న డచ్చి విమానమునకు నాయకుడు సామాన్యుడు కాడు. తన సంస్థలో చోదకులకు శిక్షణ నిచ్చు నాచార్యుడు. అనుమతి రాకమునుపే ఆయన విమానమును కదల్పబోగా సహచోదకుడొకమారు వారించెను. రెండవమారు కదల్చినపుడు అట్టి వారింపు వినరాలేదు. ఎదుటి విమానము రన్‌వే వదలినదా, లేదా యని ఇంజనీరొక్కడు సందేహము వెలిబుచ్చెను. వదలినదని నాయకుడు దృఢముగ బదులు చెప్పెను. ఇంజనీరు మిన్నకుండెను. అటుపిమ్మట విమానము ఆగలేదు. ఆ గదిలో విద్యకు గాని అనుభవమునకు గాని కొఱత లేదు. సత్యము కూడ ప్రశ్నరూపమున పలుకబడినది. కాని ఆ ప్రశ్నకు విమానమును నిలుపు బలము లేకపోయెను.

ఆ మరుసటి యేడు, 1978 డిసెంబరు 28వ తేదీన, అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమువద్ద యునైటెడు సంస్థవారి విమానము దిగుచక్రముల చిక్కును సరిచూచుకొనుచు ఆకసమున తిరిగి తిరిగి, ఇంధనము నిండుకొని కూలిపోయెను. పదిమంది మృతినొందిరి. ఇంధనము తగ్గుచున్నదని క్రిందివారు సూచించిరే గాని, నాయకుని చెవిని బడునంత గట్టిగ చెప్పలేదని విచారణలో తేలెను. ఇట్టి ప్రమాదములను పరిశీలించి 1979లో అమెరికా అంతరిక్షసంస్థయగు నాసా ఒక సదస్సును జరిపెను. 1981లో యునైటెడు సంస్థ తన చోదకులకు క్రొత్త శిక్షణ నారంభించెను. క్రిందివాడు స్పష్టముగ చెప్పుట, పైవాడు ఓపికతో వినుట అందలి ముఖ్యపాఠములు.

ఆ విద్య ఫలించినదా యన్న ప్రశ్నకు 1989 జూలై 19వ తేదీ బదులు చెప్పినది. అదే సంస్థవారి విమానమున తోక యింజను పగిలి, చుక్కానులను కదల్చు మూడు ద్రవవ్యవస్థలును తెగిపోయెను. నాయకుడు ఆల్ హేన్స్ తనకు సర్వము తెలియునని నటింపలేదు. ప్రయాణికులలో నొకడుగ వచ్చిన శిక్షకుడు డెన్నిస్ ఫిచ్‌ను లోనికి పిలిచి ఇంజనుల వేగమును సవరించు పని నాతని కప్పగించెను. అందరి మాటయు వినుచు, నాయకత్వమును వదలకయే, ఆ విమానమును సూ సిటీ విమానాశ్రయమువఱకు కొనివచ్చెను. 296 మందిలో 112 మంది మరణించిరి. 184 మంది బ్రదికిరి. తాము నేర్చిన కలసి పనిచేయు విద్యయే ఇందరిని బ్రదికించినదని హేన్స్ అటుపిమ్మట ఊరూర చెప్పెను.

శస్త్రచికిత్సాగృహము నందును ఇదే ధర్మము. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2008లో శస్త్రచికిత్సకు ముందును, నడుమను, చివరను సరిచూచుకొనవలసిన 19 అంశముల పట్టికను వెలువరించిరి. కత్తి పెట్టుటకు ముందు అచటివారందరును తమ పేరును, తమ పనిని చెప్పుకొనవలెననునది అందొకటి. చూచుటకు అల్పముగ దోచును. కాని ఒకమారు పేరు చెప్పి నోరు విప్పిన నర్సునకు, రెండవమారు ‘అయ్యా, దూదిగుడ్డ లెక్క కుదురలేదు’ అనుట సులభమగును. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరములలోని ఎనిమిది ఆసుపత్రులలో దీనిని పరీక్షించి 2009లో ఫలితము ప్రకటించిరి. మరణములు నూటికి 1.5 నుండి 0.8కి, చికిత్సానంతర బాధలు నూటికి 11 నుండి 7కు తగ్గినవి. అయితే కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున ఈ పట్టికను విధిగా అమలుజరిపి, 101 ఆసుపత్రుల లెక్కలు తీసి 2014లో ప్రకటింపగా, చెప్పదగిన మేలు కానరాలేదు. దీనికి కారణములను పలువురు పలువిధముల జెప్పిరి. మాకు తోచినది ఇది: కాగితముపై గుఱుతులు పెట్టుట వేరు, గుండె దిటవుతో మాటాడుట వేరు. మొదటిదానిని ఉత్తరువుతో చేయింపవచ్చును. రెండవదానిని నాయకుని నడవడి చేయింపవలెను.

ఈ విషయమున ఏమీ ఎడ్మండ్‌సన్ అను అమెరికా విదుషి 1996లో ప్రకటించిన పరిశీలన మిక్కిలి గమనింపదగినది. మందులిచ్చుటలో పొరపాట్లు ఏ నర్సుల జట్టులో తక్కువయో తెలిసికొనబోగా, మంచి నాయకత్వముగల జట్లలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైయుండెను. మంచి జట్లు ఎక్కువ తప్పులు చేయునా? కాదు, అవి తప్పులను దాచవు. తప్పు చెప్పినవారిని దండించుచోట లెక్కలు నిర్మలముగ నుండును, రోగులు నష్టపడుదురు. తన కార్యాలయమున ఫిర్యాదులే లేవని గర్వించు అధికారి ఈ సంగతిని రెండుమారులు ఆలోచించుట మంచిది.

చెప్పు ధైర్యమున్నచో చాలునా? చాలదు. 1986 జనవరి 27వ తేదీ రాత్రి, అమెరికావారి చాలెంజరు నౌకకు రాకెట్లను చేయు సంస్థలోని ఇంజనీర్లు, చలిలో రబ్బరు వలయములు పట్టు తప్పునని, మరునాటి ప్రయోగమును ఆపుమని నోరార చెప్పిరి. నాసా అధికారులకు ఆ మాట రుచింపలేదు. క్షేమమని ఋజువు చూపుమని ప్రయోగించువారిని అడుగవలసినచోట, ప్రమాదమని ఋజువు చూపుమని వారించువారిని అడిగిరి. సంస్థాధికారులు తమ ఇంజనీర్ల సలహాను తామే వెనుకకు దీసికొనిరి. మరునాడు 73 క్షణములలో ఏడుగురు వ్యోమగాములు బలియైరి. లంకలో విభీషణుడు మాటాడకపోలేదు. సభ నిండ స్తోత్రపాఠకులుండగా ఆతని మాట ద్రోహముగ వినబడినది. వంత పలుకుట ఎంత యవసరమో, కథకుడు నిలిచి వినుటయు అంతే యవసరము.

ఇక మన తీరముననే జరిగిన చరిత్రను స్మరింతము. 1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోటనుండి పైకెగసిన మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతమున గూలెను. ప్రయోగమును నిలుపుమని గణకయంత్రము సూచింపగా, నిపుణుల మాటపై తాము ముందునకు సాగితిమని ఆ కార్యమునకు సారథియైన అబ్దుల్ కలాము గారు అటుపిమ్మట పలుమారు బహిరంగముగ చెప్పియున్నారు. ఆనాడు పత్రికలవారి యెదుట నిలిచి వైఫల్యభారమును వహించినది సంస్థాధిపతి సతీశ్ ధవన్ గారు. 1980 జూలై 18వ తేదీన రోహిణి ఉపగ్రహము కక్ష్య జేరినపుడు మాత్రము, పత్రికలవారితో మాటాడుమని కలాము గారిని ముందునకు పంపిరట. దీనిని ఔదార్యమని మాత్రమే మెచ్చుకొని విడుచుట చాలదు. ఇది జట్టును నడుపు శాస్త్రము. పడిన వేళ పైవాడు తమపై నింద నెట్టడని యెఱిగినవారే దోషమును ఎక్కడ చూచిరో అక్కడ చెప్పుదురు. నింద క్రిందికి జారునని యెఱిగినవారు కాగితములు భద్రపరచుకొందురు.

ఇందుకు కొందఱు పెద్దలు ఆక్షేపణ దెల్పవచ్చును. ‘పడవకు సరంగులు పదిమందియైన గట్టు చేరునా? ఆపత్కాలమున ఆజ్ఞ ఒక్కనిదే కావలదా? పైగా పెద్దలను ప్రశ్నించుట మన మర్యాదకు సరిపడునా?’ అని. ఆజ్ఞ ఒక్కనిదే కావలెనని మేమును అంగీకరించుచున్నాము. సూ సిటీ విమానమున నాయకుడొక్కడే. కాని నిర్ణయము ఒక్కనిది గనుకనే కన్నులు పదిమందివి కావలెను. ఇక మర్యాద మాట. ‘అయ్యా, ఆగుడు’ అను రెండు మాటలలో మొదటిది గౌరవము, రెండవది కర్తవ్యము. మొదటిదానికొఱకు రెండవదానిని మ్రింగుట మర్యాద కాదు. కాలుజారు పెద్దను చూచుచు చేతులు కట్టుకొని నిలుచుట ఏ ధర్మశాస్త్రమున వినయమనిపించుకొనును?

ఈ చర్చ దూరదేశముల విమానములకు పరిమితమైనది కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమున కర్మాగారము నుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది ప్రాణములు గోల్పోయిరి. కర్మాగారమున అపాయసూచక సైరను ఉండియు మ్రోగింపబడలేదని ప్రభుత్వము నియమించిన సంఘము తెలిపెను. యంత్రము గోడకు బిగించుట సులభము. దానిని నొక్కు అధికారము తనకు గలదని, పొరపాటున నొక్కినను తన యన్నమునకు మోసము రాదని, కడపటి కూలివానికిని నమ్మకము కలిగించుటయే కష్టము. మన బడులలో ఉపాధ్యాయుని లెక్క తప్పని చెప్పిన బాలుని కూర్చుండుమందుము. కచేరీలలో ‘చిత్తము’ అనువానికి మెప్పు, ‘కాని’ అనువానికి బదిలీ. ఇట్లు ఇరువదియేండ్లు మౌనమును నేర్పి, ఆపద ముంచుకొనివచ్చిన దినమున ఏల చెప్పలేదని అడుగుచున్నాము.

చేయవలసినది బహుకష్టము కాదు, బహువ్యయము కాదు. పని యారంభమునకు ముందు ప్రతివాడును తన పని యేదియో తన నోటనే చెప్పవలెను. పాము తనదని ఒక్కడైనను ఎఱుగవలెను. ఆలోచనసభలో చిన్నవాడు మొదటను, నాయకుడు చివరను మాటాడవలెను. నాయకుని తీర్పు ముందే వెలువడినచో పిమ్మట వినబడునది వంతపాటయే. చెడువార్త తెచ్చినవాని వార్త నిజమైనను కాకున్నను, తెచ్చినందులకు దండన యుండరాదు. పని ముగిసిన వెంటనే, గెలుపైనను ఓటమియైనను, ఏది కుదిరినది, ఏది తప్పినది అని అందరును కలసి విచారింపవలెను. పని పంచుకొనకుండ నిర్లక్ష్యముచేసినవానికి ఈ ధర్మము రక్ష కాదు. అట్టివానిని సహించుట తక్కినవారికి అన్యాయము.

ఆసుపత్రులకు, కర్మాగారములకు, పాఠశాలలకు, పంచాయతీలకు పెద్దలైనవారిని మేము కోరునది ఒక్కటే. రేపటి పని మొదలుపెట్టకమునుపు మీ జట్టులో అందరికంటె చిన్నవానిని పిలిచి, ‘నాకు కానరానిది నీకేమి కానవచ్చుచున్నది?’ అని యడుగుడు. ఆతడు మొదటి దినమున ఏమియు లేదనును. రెండవ దినమునను అట్లే యనవచ్చును. విసుగక మరల యడుగుడు; చెప్పిన దినమున పని నిలిపి వినుడు.