మన స్కాన్లపై నిగ్గు తేలాకే!

మెదడులో కణితి ఎంతవరకు పాకిందో ఎంఆర్‌ఐ చిత్రాల్లో గుర్తించడం ఓపికతో కూడిన పని. రేడియాలజిస్టు ఒక్కో పొరనూ చూస్తూ కణితినీ, అందులో చచ్చిపోయిన భాగాన్నీ, చుట్టూ ఉన్న వాపునూ విడివిడిగా గీసి చూపాలి. ఒక్క రోగికే గంటలు పట్టే ఈ పనిని కృత్రిమ మేధ నిమిషాల్లో ముగిస్తోంది. నిపుణుల కొరతతో అల్లాడే పేద దేశాలకు ఇది అక్కరకొచ్చే సాధనమే. అయితే అది ఎవరి చిత్రాలు చూసి పని నేర్చుకుందో ఆరా తీయకుండా కొనేయడం రోగుల ప్రాణాలతో చెలగాటమాడటమే.

మెదడు కణితులను గుర్తించే సాఫ్ట్‌వేర్లకు 2012లో మొదలైన బ్రాట్స్ అంతర్జాతీయ పోటీయే గీటురాయి. 2021లో ఆ పోటీ శిక్షణ కోసం 1,251 మంది రోగుల చిత్రాలను అందించింది. వాటిలో సింహభాగం సంపన్న దేశాల పెద్దాసుపత్రులవే. నైజీరియాలోని లాగోస్‌కు చెందిన పరిశోధకుల చొరవతో ఆఫ్రికా రోగుల కోసం ప్రత్యేక విభాగం ఏర్పడటానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా శిక్షణకు దొరికినవి 60 మంది చిత్రాలే!

తేడా సంఖ్యలో మాత్రమే కాదు. ఆఫ్రికాలోని యంత్రాలు తీసే చిత్రాల్లో తరచూ స్పష్టత తక్కువ. చాలామంది రోగులు ఆసుపత్రికి చేరేది జబ్బు ముదిరాకే. తేటగా ఉన్న చిత్రాలకు అలవాటుపడ్డ సాఫ్ట్‌వేర్ ఇలాంటిచోట తడబడుతుంది. మన దేశంలో మరో చిక్కుంది. మెదడులో క్షయ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు ఇక్కడ అరుదేమీ కాదు. రంగు మందు ఎక్కించి తీసిన స్కాన్‌లో ఇవి కూడా కొన్ని కణితుల్లాగే ఉంగరంలా మెరుస్తాయి. కణితులను తప్ప మరేదీ చూడని యంత్రానికి, మందులతో తగ్గే క్షయ గడ్డ కూడా కణితిలాగే కనిపించవచ్చు.

అసలేమీ లేనిచోట ఎంతో కొంత నయం కదా అనే వాదన వినసొంపుగానే ఉంటుంది. కానీ పెద్దాసుపత్రిలో యంత్రం పొరబడితే సరిదిద్దే నిపుణుడు పక్కనే ఉంటాడు. రేడియాలజిస్టు లేని ఊళ్లో ఆ పొరపాటు నేరుగా శస్త్రచికిత్స బల్ల దాకా వెళ్తుంది. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం చాలా రకాల మెదడు కణితులను నిర్ధారించాలంటే ముక్క పరీక్షతోపాటు జన్యు పరీక్షలూ తప్పనిసరి. చిత్రం చూసి తీర్పు చెప్పే అధికారం ఏ సాఫ్ట్‌వేర్‌కూ లేదు.

కాబట్టి ప్రభుత్వాలు మూడు షరతులకు కట్టుబడాలి. ఒకటి: తన సాఫ్ట్‌వేర్‌ను స్థానిక ఆసుపత్రుల స్కాన్లపై పరీక్షించి, అది ఎక్కడెక్కడ తప్పిందో బయటపెట్టని సంస్థను టెండరుకే అనుమతించకూడదు. రెండు: కేంద్రం 2024లో దాదాపు రూ.10,372 కోట్లతో ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్‌లో జిల్లా ఆసుపత్రుల స్కాన్ల సేకరణకు వాటా ఉండాలి. రోగుల సమ్మతి తీసుకుని, వారి వ్యక్తిగత వివరాలు తొలగించి, మన రేడియాలజిస్టులతో గుర్తులు పెట్టించాలి. ఆ శ్రమకు వేతనం ఇవ్వాలి. మూడు: ఆ చిత్రాలపై హక్కు ప్రజలదే కావాలి. మన రోగుల స్కాన్లు ఉచితంగా పట్టుకెళ్లి, వాటితో తయారుచేసిన సరుకును మనకే అధిక ధరకు అంటగట్టే వ్యాపారాన్ని సాగనివ్వకూడదు.

వీటికి సమయం పడుతుందన్నది నిజమే. ఆలోపు ఉన్న సొమ్మును మూలనపడ్డ యంత్రాల మరమ్మతుకూ, రేడియాలజిస్టుల నియామకాలకూ వెచ్చిస్తే రోగులకు ఇప్పుడే మేలు జరుగుతుంది. పేదల వైద్యానికి తక్కువ ప్రమాణాలు చాలన్న ధోరణిని ఔషధాల విషయంలో ఒప్పుకోం. సాఫ్ట్‌వేర్ విషయంలోనూ ఒప్పుకోకూడదు.