నాగయ్య రెండో ఆట

మదనపల్లెలో పాతతరం వాళ్లను కదిలిస్తే ‘చిత్తూరు నాగయ్య మనోడే’ అంటారు. పుంగనూరులోనూ అదే మాట. పుట్టింది మాత్రం రేపల్లెలో. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరొచ్చి, ఊరిపేరే ఇంటిపేరయింది. ఇంత మురిసిపోయే మనకు ఆయన నటన సగమే గుర్తుంది.

‘భక్త పోతన’ (1942), ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947). సభల్లో ప్రసంగం అక్కడితో సరి. ఆపైన దానధర్మాలు, చితికిపోయిన చివరి రోజులు, ఒక నిట్టూర్పు. మరి ఇరవై ఏళ్లకు పైగా తండ్రిగా, తాతగా, ఋషిగా వేసిన వేషాలో? ‘క్యారెక్టర్ వేషాలకు దిగిపోయాడు పాపం’ అని తేల్చేస్తారు. నాకు ఒళ్లు మండేది ఆ ‘పాపం’ దగ్గరే.

‘లవకుశ’ (1963) మళ్లీ చూడండి. కళ్లన్నీ ఎన్టీఆర్, అంజలీదేవి మీదే. వాల్మీకి నాగయ్య గొంతు పెంచరు, చేతులు ఊపరు. అడవిలో వదిలేసిన నిండు చూలాలికి ఆయన పలకరింపులోనే పుట్టిల్లు దొరుకుతుంది. ఆ నెమ్మది లేకుంటే అంత ఏడుపును మనం తట్టుకోలేం (లవకుశ భక్తులు క్షమించాలి). పాడి పేరు తెచ్చుకున్న మనిషి కదా, మాటను ఎక్కడ ఆపాలో తెలుసు.

కుప్పం వాళ్లకు తమిళ నాగయ్య కూడా సొంతమే. 1945 ‘మీరా’లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మికి జోడీగా రాణా ఆయనే. 1958 ‘సంపూర్ణ రామాయణం’లో ఎన్టీఆర్ రాముడైతే ఆయన దశరథుడు. ఈ రెంటి నడుమ 1950లో ‘ఏళై పడుం పాడు’, తెలుగులో ‘బీదలపాట్లు’ వచ్చింది. విక్టర్ హ్యూగో నవల కథ. జైలుకెళ్లొచ్చిన మనిషి దిక్కులేని పిల్లను పెంచి పెద్దచేస్తాడు. తండ్రి నాగయ్య అక్కడే మొదలయ్యారని నా లెక్క. అంటే హీరోగా ఉన్నప్పుడే!

అలాంటి వేషాలకు ‘పాపం’ అనడమెందుకు? హాలీవుడ్‌లో సహాయ నటులకు 1936 సినిమాలతోనే ఆస్కార్ మొదలైంది. వాల్టర్ బ్రెన్నన్ ముసలి వేషాలతో మూడు కొట్టేశాడు. నాగయ్యకు పద్మశ్రీ వచ్చింది 1965లో, అదీ నెరిసిన గడ్డాల కాలంలోనే.

డిసెంబరు 30 ఆయన వర్ధంతి. ఈసారి మన ఊళ్లలో ఎవరైనా సినిమా వేయదలిస్తే ‘త్యాగయ్య’ను పక్కనపెట్టి ‘బీదలపాట్లు’ వెయ్యండి. తమిళ ప్రింటైనా పర్లేదు, అర్థం చెప్పడానికి కుప్పం వాళ్లున్నారు.

— బాహుదా