ఆకాశవాణి యెవరి వాణి?

తిరుమలలో స్వామికి నైవేద్యమైన తోడనే గంట మ్రోగెడిదనియు, ఆ నాదమును దారిలోని ఘంటామండపము లందుకొని చంద్రగిరి కోటకు చేర్చెడివనియు, అది విన్న పిమ్మటగాని రాయలు భుజింపకుండెడివాడనియు మన పెద్దలు చెప్పుదురు. ఆనాడు ప్రభువు చెవి యొగ్గెను. రేడియో వచ్చిన పిమ్మట గంట ప్రభువు చేతికి పోయెను. చెవి యొగ్గుట మాత్రము ప్రజలకు మిగిలెను. ఈ తాఱుమా ఱెట్లు జరిగినదో పాఠకులు తెలిసికొనవలెను.

ఇంగ్లండులో 1922లో రేడియో యంత్రములు చేయువారి కంపెనీగా పుట్టిన బీ.బీ.సీ. 1927 జనవరి 1వ తేదీన రాజశాసనముచే ప్రజాసంస్థగా మాఱెను. శ్రోతలు ఏటేట చెల్లించు లైసెన్సు రుసుము దానికి జీవనాధారము. అది నిష్కళంకమని మే మనము. 1926 సార్వత్రిక సమ్మెలో ప్రతిపక్ష నాయకుడగు రామ్సే మెక్డొనాల్డునకే మాటలాడు నవకాశము దొరకలేదు. అయినను రేడియో మంత్రుల కచ్చేరి కారాదను నియమమునైన వారు తమ దేశమున నిలుపుకొనిరి.

మన దేశమున అదే జాతి వేఱొక ధర్మము నవలంబించెను. ఇచట తొలి యడుగు వేసినది దొరతనము కాదు. 1924 జూలై 31వ తేదీన చెన్నపట్టణమున సి.వి. కృష్ణస్వామి చెట్టిగారి రేడియో క్లబ్బు ప్రసారములు ప్రారంభించెను. మన చిత్తూరు అప్పుడా రాజధానిలోనిదే. ధనము చాలక 1927లో క్లబ్బు మూతపడెను. బొంబాయి, కలకత్తాలలో నడచిన ప్రైవేటు కంపెనీయు 1930లో దివాలా తీయగా సర్కారు దానిని వశపఱచుకొనెను. 1935లో బీ.బీ.సీ. నుండి లయొనెల్ ఫీల్డెన్ వచ్చెను. 1936లో ఆల్ ఇండియా రేడియో అను పేరు వచ్చెను. రాజశాసనము మాత్రము రాలేదు. తమ యింట ప్రజాసంస్థ, మన యింట సర్కారు డిపార్టుమెంటు! 1942లో రహస్యముగా కాంగ్రెసు రేడియో నడపిన ఉషా మెహతాకు చెఱసాలయే బహుమానమయ్యెను.

దొరలు పోయిరి, డిపార్టుమెంటు పోలేదు. 1948 డిసెంబరు 1వ తేదీన వెలసిన విజయవాడ కేంద్రము తెలుగు పాటను, నాటకమును ఇల్లిల్లు చేర్చెను. ఆ మేలు మఱవరానిది. కాని వార్త సర్కారుదిగనే నిలిచెను. 1990లో చేసిన ప్రసార భారతి చట్టము 1997 దాక అమలునకు రాలేదు. వాయుతరంగములు ప్రజల యాస్తి యని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పెను. ఆస్తి మనది, తాళపుచెవి ఢిల్లీది. జహీరాబాదు ప్రాంతమున మాచ్‌నూరు దళిత స్త్రీలు యంత్రములు సిద్ధముగా నున్నను అనుమతి లేక ఏండ్ల తరబడి వేచి, 2008లోగాని తమ సంగం రేడియోను వినిపింపజాలరైరి. నేటికిని ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రము గాని కమ్యూనిటీ రేడియో గాని సొంతముగా వార్తలు చెప్పరాదు.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెఱువు కట్ట తెగునేమోయని తిరుపతి చెంతనున్న పల్లెలు ఖాళీ యైన సంగతి మన కన్నుల యెదుటనే యున్నది. అట్టి వేళ స్థానిక రేడియో అధికారి యిచ్చిన ప్రకటనను చదువవచ్చును. కట్ట యీ స్థితికి ఏల వచ్చినదని రైతు చేత ప్రశ్న వేయించి, దానిని వార్తగా వినిపించుటకు వీలు లేదు. వదంతులు వ్యాపించునని ప్రభుత్వపు వాదము. పత్రికకు, టెలివిజనుకు, చేతిలోని ఫోనుకు లేని నిషేధము పేదవాని రేడియో కొక్కదానికే యేల?

2023లో ఆల్ ఇండియా రేడియో అను పేరు తొలగించి, ఆకాశవాణి యనియే పిలువవలెనని నిర్ణయించిరి. పేరు మార్చుట సులభము. పరాయి యేలుబడి నేర్పిన భయమును విడనాడుటయే కష్టము. చిత్తూరు రైతు గొంతు చిత్తూరు గాలిలో నిరాటంకముగా మ్రోగవలెను. గంట త్రాడు ప్రజల చేతి కీయుడు. ప్రభువులు మరల చెవి యొగ్గుట నేర్చుకొందురుగాక!