తిరిగితే ఏం చెడింది?

నవంబరు 2 రాత్రి నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు కదా. పన్నెండు దాటాక మా బావగారు వాట్సాప్‌లో స్టేటస్ పెట్టారు. హర్మన్‌ప్రీత్ కప్పు ఎత్తుకున్న ఫోటో, కింద "నారీశక్తికి వందనం", మూడు జెండాలు, రెండు దణ్ణాలు. చూసి సంతోషించాలో నవ్వుకోవాలో తెలియలేదు. ఎందుకంటే అదే బావగారు సరిగ్గా మూడు వారాల ముందు మా హాల్లో కూర్చుని, నేను ఇచ్చిన కాఫీ తాగుతూ, నన్ను చూసి అన్న మాట ఇది: "తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు అని ఊరికే అన్నారా పెద్దలు!"

నేను చేసిన నేరం ఏమిటంటే, అక్టోబరు 12న విశాఖపట్నంలో ఇండియా - ఆస్ట్రేలియా మహిళల మ్యాచ్ చూడటానికి మా అమ్మాయితో కలిసి వెళ్ళడం. కాదు కాదు, అది నేరం కాదట. మ్యాచ్‌కి వెళ్ళడం బావగారికి కూడా సమ్మతమే. "పిల్ల ముచ్చట పడింది, తీసుకెళ్ళావు, బాగుంది. మ్యాచ్ ఒక్క రోజే కదమ్మా, మూడు రోజులు ఏం చేశారు?" అన్నది ఆయన ప్రశ్న.

ఊరు తిరిగాం బావగారూ. అంతే.

మా రాజమండ్రి నుంచి విశాఖ మూడు నాలుగు గంటల రైలు ప్రయాణం. పెళ్ళై ఇరవై రెండేళ్ళలో విశాఖకి పది సార్లు వెళ్ళుంటాను. పెళ్ళిళ్ళకి, సీమంతాలకి, ఒకసారి మామయ్యగారిని ఆసుపత్రిలో చూపించడానికి. ప్రతిసారీ స్టేషన్ నుంచి ఫంక్షన్ హాలుకి, హాలు నుంచి స్టేషన్‌కి. మధ్యలో ఆటోలోంచి ఒక సముద్రం ముక్క కనిపిస్తే కనిపించినట్టు. విశాఖ నాకు తెలుసు అనుకునేదాన్ని. నాకు తెలిసింది విశాఖలోని కల్యాణమండపాలు.

ఈసారి టికెట్లు బుక్ చేసింది మా అమ్మాయి. డిగ్రీ మొదటి సంవత్సరం. మావారికి ఆఫీసులో సెలవు దొరకలేదు. "మీరిద్దరూ వెళ్ళిరండి" అన్నారు. ఆ మాట కోసం నేను రెండు రోజులు సమయం చూసుకుని అడిగానని కూడా ఒప్పుకుంటాను. వెళ్ళే ముందు మూడు రోజులకి సరిపడా దోసెల పిండి రుబ్బాను, గోంగూర పచ్చడి చేశాను, అబ్బాయి యూనిఫారాలు ఇస్త్రీ చేసి పెట్టాను. మావారు ఎప్పుడైనా ఊరెళ్ళేటప్పుడు బనియన్లు కూడా నేనే సర్దుతాను. ఆయన ప్రయాణానికీ పని చేసేది నేనే, నా ప్రయాణానికీ నేనే.

శనివారం పొద్దున్న దిగాం. లాడ్జిలో ఆధార్ కార్డులు చూసిన కుర్రాడు మా వెనక్కి తొంగి చూసి "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. రాలేదన్నాను. "జెంట్స్ ఎవరూ లేరా?" అని మళ్ళీ అడిగాడు. డబ్బు ముందే కట్టాం, కార్డులు ఇచ్చాం, నా వయసు నలభై ఆరు. ఇంకా ఆ కుర్రాడికి నా వెనక ఎవరో ఒకరు కనబడాలి. మావారు ఆఫీసు పని మీద ఎన్ని లాడ్జిల్లో దిగారో! "లేడీస్ ఎవరూ రాలేదా సార్?" అని ఒక్కచోట కూడా అడిగి ఉండరు.

ఆ రోజంతా పాత ఊరే తిరిగాం. వన్‌టౌన్ అంటారు. సిటీ బస్సెక్కి ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇచ్చింది. కురుపాం మార్కెట్‌లో బంగారు షాపుల వరసలు చూశాం, ఏమీ కొనలేదు. ఆ దగ్గర్లోనే విక్టోరియా రాణి విగ్రహం ఉంది. హార్బరు వైపు మూడు కొండలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా. రాస్ హిల్ చర్చి దాకా మెట్లెక్కి చూస్తే కింద ఓడలు వచ్చే కాలవ, అటుపక్క డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇన్నేళ్ళూ పెళ్ళి భోజనాలు చేసి రైలెక్కేసిన ఊరు ఇదా అనిపించింది.

అక్కణ్ణుంచి బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్ళాం. ఆ తల్లి గర్భగుడికి పైకప్పు లేదు. ఎండా వానా ఆకాశం కిందే ఉంటుంది. భక్తులు తామే దగ్గరికెళ్ళి పసుపు కుంకుమలతో పూజ చేసుకోవచ్చు. నా చేత్తో నేనే అమ్మవారికి పసుపు రాశాను. నాకు ముందున్నావిడ చేపల బుట్ట గుడి బయట పెట్టి వచ్చింది. నాలుగు గోడల మధ్య ఉంటేనే ఆడదానికి గౌరవం అనేవాళ్ళంతా మార్గశిర గురువారాల్లో ఈ గుడి ముందే కదా వరస కట్టేది!

సాయంత్రం ఆర్కే బీచ్. మురీ మిక్స్చర్ పొట్లం పట్టుకుని గట్టు మీద కూర్చున్నాం. పక్కన ఒకావిడ ఒక్కర్తే కూర్చుంది. ఎవరికోసమైనా చూస్తున్నారా అని అడిగాను. చూడండి, నేను కూడా ఆ లాడ్జి కుర్రాడి ప్రశ్నే అడిగాను! ఆవిడ నవ్వి, "ఏటీ లేదమ్మా, ఊరికే వచ్చీసినాను. గాజువాకలో ఇరవై ఏళ్ళ నుంచి ఉంటన్నాం. బస్సు ఫ్రీ అయినాక ఇలాగ వచ్చి కూకుంటన్నాను" అంది. నాలుగిళ్ళలో పనిచేస్తుందట. అదే జిల్లాలో ఉంటూ, సముద్రం దగ్గర ఏ పనీ లేకుండా కూర్చోడానికి ఆమెకి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఎన్ని జోకులు విన్నామో గుర్తుందా? "పనీపాటా లేకుండా బస్సులెక్కి తిరుగుతున్నారు", "ఇళ్ళల్లో వంటలు మానేశారు". ఆ పథకానికి అయ్యే ఖర్చు గురించి, బస్సులు చాలకపోవడం గురించి మాట్లాడితే నేనూ కూర్చుని వింటాను, అవి మాట్లాడాల్సిన విషయాలే. కానీ ఈ జోకుల్లో ఉన్నది లెక్కల బాధ కాదు. "ఊరికే" అన్న మాట మీద బాధ. ఆసుపత్రికెళ్తే ఒప్పు, కూలికెళ్తే ఒప్పు, గుడికెళ్తే ఇంకా ఒప్పు. ఊరికే వెళ్తే తప్పు. వీధి చివర టీకొట్టు దగ్గర గంటల తరబడి నిలబడే మగవాళ్ళు ఏ పని మీద ఉన్నారో ఎవరైనా అడిగారా?

నేను తెలుగు బీయే చదివాను. 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి కాశీ వెళ్ళి పదిహేను నెలలు పైగా తిరిగిన ఏనుగుల వీరాస్వామయ్య గారి గురించి పాఠం చెప్పారు మాకు. దారిలో ప్రతి ఊరూ ఎలా ఉందో రాసుకున్న మహానుభావుడు. ఆయన్ని యాత్రికుడన్నాం. తిరిగే మగవాడికి మన భాషలో సంచారి, బాటసారి, లోకజ్ఞుడు అని ఎన్ని పేర్లో. తిరిగే ఆడదానికి మాత్రం ఉన్న మాట ఒక్కటే. అది ఇక్కడ రాయను, మీ అందరికీ తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అన్నదే.

ఆదివారం మ్యాచ్. స్టేడియం ఊరికి దూరంగా పోతినమల్లయ్యపాలెంలో. లోపలికెళ్తే స్టాండ్లకి కొత్త పేర్లు. ఒకటి మిథాలీ రాజ్, ఇంకొకటి మన కృష్ణా జిల్లా అమ్మాయి రావి కల్పన. ఆ పేర్లు ఆవిష్కరించింది ఆ రోజే. కల్పన తండ్రి ఆటో నడిపేవారు. మైదానంలో కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి. ఆ రోజు మూడు వికెట్లు తీసింది. మన అమ్మాయిలు 330 కొట్టారు. గెలిచేశాం అనుకున్నాం. అలిస్సా హీలీ 142 కొట్టి మన నోట్లో మట్టి కొట్టింది. ఇంకో ఓవరు ఉండగానే మూడు వికెట్ల తేడాతో ఆస్ట్రేలియా గెలిచింది. అప్పటికి మహిళల వన్డేల్లో అంత పెద్ద స్కోరు ఎవరూ ఛేదించలేదు. మా అమ్మాయి ఏడ్చింది. పద్ధెనిమిది రోజుల తర్వాత సెమీఫైనల్లో అదే ఆస్ట్రేలియా మీద 339 ఛేదించి మనవాళ్ళు బాకీ తీర్చుకున్నారనుకోండి, అది వేరే కథ.

మ్యాచ్ అయ్యేసరికి రాత్రి పది దాటింది. మావారు ఫోన్ చేసి "జాగ్రత్త, సరాసరి రూముకెళ్ళిపోండి" అన్నారు. ఆయన కంగారు ప్రేమతోనే, కాదనను. బస్సు నిండా మ్యాచ్ చూసొస్తున్న అమ్మాయిలు, అమ్మలు. మొహాల మీద మూడు రంగులు చెమటకి కారిపోతున్నాయి. అంత రాత్రి వేళ, తెలియని ఊళ్ళో, నాకు ఆ బస్సులో వేసినంత ధైర్యం పట్టపగలు మా వీధిలో వేయలేదు.

"కాలం బాలేదు, ఆడపిల్లల భద్రత ముఖ్యం" అంటారు. నిజమే, నాకూ కూతురుంది. కానీ భద్రత ఎక్కడుందో కూడా ఆ ఊళ్ళోనే చూశాను. సోమవారం తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాం. పడవలు దిగిన చేపల్ని వేలం పాడుతుంటే చుట్టూ ఆడవాళ్ళే. బేరాలు, అరుపులు, నవ్వులు, తిట్లు. ఆ గుంపులో మమ్మల్ని వంకరగా చూసే ధైర్యం ఎవడికీ లేదు. అదే ముందురోజు మధ్యాహ్నం స్టేడియానికి బయల్దేరినప్పుడు, ఆడమనిషి కనబడని ఒక ఖాళీ రోడ్డులో పది నిమిషాలు నడిస్తే నా గుండె పీచుపీచుమంది. ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న వీధి ఆడవాళ్ళకి భద్రం. అందర్నీ ఇంట్లో కూర్చోబెడితే వీధి భద్రం అవుతుందా, ఇంకా పాడవుతుందా? మీరే చెప్పండి. వీధి దీపాలు కావాలి, శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. అవి లేక మూడు రోజులూ గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగి తిరిగాం. భద్రత అన్న మాట ఎత్తేవాళ్ళు ముందు వాటి సంగతి అడగాలి కదా!

ఇంకో సంగతి. ఆ చేపలమ్మే తల్లులు పుట్టినప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నారు. గంప నెత్తిన పెట్టుకుని గడప గడపకీ తిరిగితేనే వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వాళ్ళు తిరిగి తెచ్చిన చేపలు వండుకుని తింటూ, "తిరిగి ఆడది చెడింది" అని సామెత చెప్పుకున్న ఇళ్ళు మనవి. చెడిందెవరో నాకైతే కనబడలేదు.

బావగారి మీద కోపంతో మాత్రమే ఇదంతా రాయడం లేదు. ఆయన మంచివారే. మావారికి జబ్బు చేసినప్పుడు వారం రోజులు ఆసుపత్రిలో పడుకున్నారు. నా బాధ వేరే. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి ఇంటర్ స్నేహితురాళ్ళతో కలిసి ఊరికే గోదావరి గట్టుకి వెళ్ళొచ్చిందని ఆ సామెత నేనే అన్నాను. అచ్చం బావగారి గొంతుతో. విశాఖలో శనివారం పొద్దున్న "మ్యాచ్ చూసుకుని వెళ్ళిపోదామే, ఈ తిరుగుళ్ళు ఎందుకు" అని మొదట అన్నదీ నేనే. అది ఒప్పుకోలేదు. "అమ్మా, వాళ్ళు పదకొండు మందీ ఇల్లు కదలకపోతే మనం చూడటానికి మ్యాచ్ ఏది?" అంది. నాకు జవాబు దొరకలేదు.

ఇప్పటికీ దొరకలేదు. పరాయి ఊళ్ళలో బస చేసి, రాత్రి పదింటి దాకా లక్షల మంది ముందు ఆడిన అమ్మాయిలకి వందనం పెట్టే చేత్తోనే, ఆ ఆట చూడ్డానికెళ్ళిన ఇంటి కోడలికి వేలు చూపిస్తున్నారు. కప్పు తెచ్చిన పిల్ల "మన పిల్ల", కప్పు లేని పిల్ల "తిరిగిన పిల్ల". మనం గడప దాటడానికి ప్రతిసారీ ప్రపంచకప్పు తేవాలంటే కుదిరే పనేనా?

మన ఆడవాళ్ళకి ఒక్క మాట. ఎక్కడికైనా పెళ్ళికో, పరీక్షకో, మ్యాచ్‌కో వెళ్తే ఒక్కరోజు అదనంగా ఉండండి. పర్మిషన్ అడగకండి, సమాచారం చెప్పండి. దోసెల పిండి రుబ్బకపోయినా ఎవరూ పస్తులుండరు. మావారు రెండో రోజుకే హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చుకున్నారని, నా పిండి పులిసి పారబోశారని తిరిగొచ్చాక తెలిసింది.

వేరే ఊరు వెళ్ళే వీలు లేదంటారా? రాజమండ్రిలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. మా వీధి, మెయిన్ రోడ్డు, పుష్కర ఘాటు, పిల్లల స్కూలు, ఇంతే నా ఊరు. ఇన్నీస్‌పేటలో పాత ఇళ్ళు ఎలా ఉంటాయో ఎప్పుడూ నడిచి చూడలేదు. వచ్చే ఆదివారం నేనూ మా అమ్మాయీ వెళ్తున్నాం. ఏం పని మీద అని బావగారు అడిగితే, "ఊరికే" అనే చెప్తాను.