చిన్న ఇంజిన్... పెద్ద గుబులు

పదేళ్లు దాటిన ఎకోబూస్ట్ బండ్లకు బెల్టు గండం
సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారికి జాగ్రత్తే రక్ష

చెన్నై శివారులోని మరైమలైనగర్ ఫోర్డ్ ఫ్యాక్టరీ మళ్లీ వార్తల్లోకెక్కింది. దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నామని 2021 సెప్టెంబరులో ప్రకటించిన ఆ కంపెనీ, 2022 జులైలో అక్కడ ఆఖరి బండిని బయటికి పంపి గేట్లు మూసింది. మూడేళ్లు తిరిగేసరికి మనసు మార్చుకుంది. 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, రూ.3,250 కోట్లతో అక్కడే ఇంజిన్లు తయారు చేస్తామంది. 2029లో ఉత్పత్తి మొదలుపెడతామని చెప్పింది.

రాబోయే ఇంజిన్ల సంగతి అలా ఉంచితే, అదే ఫ్యాక్టరీ నుంచి 2013లో రోడ్డెక్కిన ఓ చిన్న టర్బో పెట్రోలు బండి ఇప్పుడు పదేళ్లు దాటిన వయసులో చేతులు మారుతోంది. దాని పేరు ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్. బెంగళూరు, చెన్నై, పుణె లాంటి నగరాల్లో వాడిన కార్లు హోసూరు, కోలారు, బళ్లారి, షోలాపూర్ వైపు రావడం కొత్తేమీ కాదు. ధర తక్కువ, పికప్ ఎక్కువ కావడంతో కుర్రకారు కన్ను ఈ బండి మీద పడుతుంది. అయితే ధర తగ్గడానికి బలమైన కారణమే ఉంది. అది తెలియక కొంటే, బండికి పెట్టినంతా ఇంజిన్‌కూ పెట్టాల్సి రావచ్చు.

పిట్ట కొంచెం... కూత ఘనం

ఎకోబూస్ట్ ఇంజిన్ 999 సీసీ. మూడే సిలిండర్లు. ఇంజిన్ బ్లాకు అడుగు భాగం ఏ4 కాగితం మీద పట్టేంత చిన్నదని కంపెనీ గొప్పగా చెప్పుకునేది. ఇంత బుల్లి ఇంజిన్ మన దేశంలోని మోడల్‌లో 125 పీఎస్ శక్తిని, 170 ఎన్ఎం టార్క్‌ను ఇచ్చింది. అదే బండిలో వచ్చిన 1.5 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజిన్ ఇచ్చింది 112 పీఎస్, 140 ఎన్ఎం మాత్రమే. పైగా టర్బోలో ఆ టార్క్ మొత్తం 1,400 ఆర్‌పీఎం దగ్గరే మొదలై 4,500 దాకా అలాగే నిలుస్తుంది. పలమనేరు దారిలో మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు మాటిమాటికీ గేరు దించాల్సిన పని పడదన్నమాట.

ఈ బలమంతా టర్బో చలవే. సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పొగ ఓ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం గాలిని ఒత్తిపట్టి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు. ఎకోబూస్ట్‌లో ఆ చక్రం నిమిషానికి 2,48,000 చుట్ల వరకు తిరుగుతుందని కంపెనీయే చెప్పింది. పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్మే ఏర్పాటు దీనికి తోడైంది. 2012, 2013, 2014లో వరుసగా మూడేళ్లు అంతర్జాతీయంగా 'ఇంజిన్ ఆఫ్ ది ఇయర్' అవార్డు దీనికే దక్కింది. అవార్డులు కొత్త ఇంజిన్‌ను చూసి ఇస్తారు. పదేళ్ల తర్వాత దాని గతేంటో చెప్పాల్సింది షెడ్డులోని మెకానిక్కే.

పన్ను గీసిన గీత

ఇంత చిన్న ఇంజిన్‌ను ఇంతగా ఎందుకు పిండాలి? సగం జవాబు పన్నుల్లో ఉంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటే అది చిన్న కారు. ఆనాటి ఎక్సైజు సుంకంలోనూ, 2017 జులైలో వచ్చిన జీఎస్టీలోనూ దానికి పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కారుకు 18 శాతం, పెద్ద కారుకు 40 శాతం అంటూ ఆ గీత మరింత స్పష్టమైంది. అందుకే చాలా కంపెనీలు సీసీ తగ్గించి టర్బో తగిలించే దారి పట్టాయి. మైలేజీ, పొగ నిబంధనలు మిగతా సగం కారణం. అంటే ఒక్క ఫోర్డ్ గొడవే కాదిది. రేపటి పాత కార్లలో ఇలాంటివి చాలానే ఉంటాయి.

నూనెలో నానే బెల్టు

ఎకోబూస్ట్ అసలు జబ్బు టర్బోలో లేదు, బెల్టులో ఉంది. పిస్టన్లు, వాల్వులు తాళం తప్పకుండా కదలడానికి టైమింగ్ బెల్టో, చెయినో ఉండాలి. మామూలుగా బెల్టు పొడిగా ఇంజిన్ బయటి వైపు ఉంటుంది. చెయిన్ నూనెలో ఉంటుంది. ఇందులో మాత్రం రబ్బరు బెల్టునే ఇంజిన్ ఆయిల్‌లో తడిసేలా లోపల పెట్టారు. రాపిడి, చప్పుడు తగ్గుతాయన్నది ఆలోచన. బెల్టును పదేళ్లకోసారి మారిస్తే చాలన్నారు.

కాగితం మీద బాగానే ఉంది. తిరకాసు నూనెలో వచ్చింది. ఈ ఇంజిన్‌కు 5డబ్ల్యూ-20 గ్రేడులో, ఫోర్డ్ 948-బి ప్రమాణానికి సరిపడే ఆయిలే పోయాలి. 'ఏ ఆయిలైనా ఆయిలేగా' అని షెడ్డులో ఉన్నది పోసినా, ఏడాదికి మార్చాల్సింది రెండేళ్లకు మార్చినా రబ్బరు మెత్తబడుతుంది, పెచ్చులు లేస్తుంది. బడికి, బజారుకు, బస్టాండుకు రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఇంకో చిక్కుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి మండని పెట్రోలు కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. అదీ రబ్బరుకు చేటే.

ఊడిన రబ్బరు ముక్కలు అడుగున ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. నిమిషానికి లక్షల చుట్లు తిరిగే టర్బోకు మొదట నూనె అందదు. ఆపై బేరింగులు పోతాయి. బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మతో ఎర్ర దీపం వెలిగాక 'ఊరికి పోయి చూసుకుందాంలే' అని నడిపితే ఇంజిన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

బెల్టు మార్చడమూ తేలికపాటి పని కాదు. క్రాంక్ పుల్లీకి గాడి ఉండదు. ప్రత్యేక పనిముట్లతో బిగించి ఉంచకపోతే టైమింగ్ తప్పుతుంది. అంచనా మీద చేసే మెకానిక్ చేతిలో పెడితే బాగున్న ఇంజిన్ కూడా పాడవుతుంది.

నీళ్లు తగ్గితే తలకే ముప్పు

రెండో జబ్బు కూలెంట్. యూరప్‌లో తొలినాళ్ల బండ్లలో కూలెంట్ పైపు ఒకటి పగిలి, నీళ్లు కారిపోయి, ఇంజిన్ వేడెక్కి హెడ్డు పగిలిన ఫిర్యాదులు వచ్చాయి. చిన్న ఇంజిన్లో వేడి ఎక్కువ, నీళ్లు తక్కువ. కాబట్టి కాస్త కారినా ముప్పు తొందరగా ముంచుకొస్తుంది. నీళ్లు పూర్తిగా పోయాక ఉష్ణోగ్రత ముల్లు చెప్పే మాటనూ నమ్మలేం. తడి తగలని సెన్సర్‌కు అసలు వేడి తెలియదు.

మిగతావి ఇలాంటి టర్బో బండ్లకు ఉమ్మడి జబ్బులే. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి పడుతుంది గనుక గాలి వచ్చే వాల్వులు కడగబడవు, మసి పేరుకుంటుంది. ఘాటు ఎక్కి ఆపగానే తాళం తిప్పేస్తే టర్బోలో నిలిచిన నూనె మాడుతుంది. ఒక నిమిషం ఊరికే తిరగనిస్తే ఆ బాధ తప్పుతుంది.

అక్కడ రీకాల్... ఇక్కడ వయసు అడ్డం

2018 ప్రాంతంలో ఫోర్డ్ ఈ ఇంజిన్‌ను మార్చి, టైమింగ్‌కు చెయిన్ పెట్టింది. ఆయిల్ పంపును తిప్పే చిన్న బెల్టు మాత్రం నూనెలోనే మిగిలిపోయింది. 2023 డిసెంబరులో అమెరికాలో సుమారు 1.39 లక్షల బండ్లను వెనక్కి పిలిపించడానికి కారణం ఆ పంపు బెల్టును బిగువుగా ఉంచే భాగమే. 2016-18 ఫోకస్, 2018-22 ఎకోస్పోర్ట్ కార్లు ఆ లెక్కలో ఉన్నాయి. అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్ట్ తయారైంది ఎక్కడో కాదు, చెన్నైలోనే. నూనెలో బెల్టు పెట్టి చిక్కుల్లో పడింది ఫోర్డ్ ఒక్కటే కాదు. పెజో, సిట్రోయెన్‌ల 1.2 ప్యూర్‌టెక్ ఇంజిన్‌కు యూరప్‌లో ఇదే తంటా వచ్చి, 2024లో వారంటీని పదేళ్లకు పొడిగించాల్సి వచ్చింది.

మన దగ్గరా రీకాల్ చట్టం ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఫిర్యాదులు పరిమితి దాటితే కంపెనీని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. కానీ అది ఏడేళ్ల లోపు బండ్లకే. 2013-17 ఎకోబూస్ట్‌లు ఆ గీత ఎప్పుడో దాటేశాయి. 2018-19లో వచ్చిన 'ఎస్' మోడళ్లూ దాటుతున్నాయి. బెల్టు జబ్బు బయటపడేదేమో బండి ముసలైనప్పుడు. చట్టం ఆదుకునేదేమో బండి పడుచుగా ఉన్నప్పుడు. ఈ రెంటి మధ్య నలిగేది రెండో చేతి, మూడో చేతి యజమానే.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దీర్ఘకాలం వాడితే, ఏ 20-30 వేల కిలోమీటర్ల తర్వాతో, కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కేంద్రమే 2025లో చెప్పింది. పాత బండి ఖర్చులో దీన్నీ కలుపుకోవాలి.

కొనేముందు చూడాల్సినవి

• ఎకోస్పోర్ట్‌లన్నీ టర్బో పెట్రోలు కావు. ఆర్సీలో 999 సీసీ ఉంటేనే ఇది.
• ఆయిల్ మార్చిన బిల్లులు అడగాలి. తేదీ, కిలోమీటర్లు, గ్రేడు మూడూ ఉండాలి. ఏడాదికి లేదా 10,000 కి.మీ.కు ఒకసారి మార్చి ఉండాలి.
• 2013-17 బండికి బెల్టు మార్చిన బిల్లు లేకుంటే మార్చలేదనే అనుకోవాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి.
• ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ డబ్బా చూడాలి. తగ్గి ఉంటే ఎందుకు తగ్గిందో తేల్చాలి. 'పోసుకుంటే సరిపోతుంది' అనే మాట నమ్మొద్దు.
• పొద్దున్నే మొదటి స్టార్టు మనమే కొట్టాలి. నీలి పొగ, ఈల శబ్దం, టకటక ఉంటే దండం పెట్టి వచ్చేయాలి.
• వేరే రాష్ట్రం బండైతే ఎన్‌వోసీ ఫారం-28 తీసుకోవాలి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు, ఇక్కడి పన్ను తప్పవు. సరిహద్దు ఊళ్లలో 'రోజూ అటూఇటూ తిరిగే బండేగా' అని ఊరుకుని చెక్‌పోస్టులో చిక్కుకోవద్దు.

ఇంత చెప్పాక కూడా ఈ ఇంజిన్‌ను పనికిమాలినదని తోసేయడం న్యాయం కాదు. సరైన నూనె పోసి, గడువుకు బెల్టు మార్చినవారికి అది హుషారుగానే పనిచేస్తుంది. లోపం ఎక్కడంటే, తప్పును ఏమాత్రం మన్నించని ఇంజిన్‌ను, ఆయిల్ డబ్బా మీద గ్రేడు చూసే అలవాటు లేని రోడ్ల మీదికి వదలడంలో ఉంది. మరైమలైనగర్‌లో మళ్లీ ఇంజిన్లు తయారయ్యే నాటికైనా కంపెనీలు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అప్పటిదాకా కొనేవాడు బానెట్ ఎత్తి ఇంజిన్ మెరుపు చూసే ముందు, పాత బిల్లుల కట్ట విప్పి చూడటమే మేలు.