టర్బో మారుస్తున్నారా? హార్స్‌పవర్ తర్వాత, ముందు రెస్పాన్స్ చూడండి

అంటుటు స్కోర్ ఒక్కటే చూసి ఫోన్ కొంటే ఏమవుతుందో ఈ సైట్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. స్కోర్ లక్షల్లో ఉంటుంది, కెమెరా ఐకాన్ నొక్కితే మాత్రం కాసేపు ఆలోచించుకుని ఓపెన్ అవుతుంది. కారు టర్బో అప్‌గ్రేడ్ విషయంలో కూడా మనవాళ్లు సరిగ్గా ఇదే చేస్తున్నారు. "ఎంత హార్స్‌పవర్ వస్తుంది?" అన్నది మొదటి ప్రశ్న. చాలాసార్లు చివరి ప్రశ్న కూడా అదే.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకి అది తప్పు ప్రశ్న. "ఏ ఆర్‌పీఎం నుంచి లాగుతుంది, పెడల్ తొక్కాక ఎంతసేపటికి లాగుతుంది?" అని అడగాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. హార్స్‌పవర్ అంటే థ్రూపుట్, రెస్పాన్స్ అంటే లేటెన్సీ. సర్వర్ నిమిషానికి ఎన్ని లక్షల రిక్వెస్టులు తీసుకుంటుందో యూజర్‌కి అనవసరం. తను నొక్కిన బటన్ ఎంతసేపటికి పనిచేసిందో అదే కావాలి.

ఒకే ఇంజిన్, రెండు టర్బోలు

ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. 2017లో మన దగ్గరికి వచ్చిన 230 పీఎస్ స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్‌లో, విదేశాల్లో అమ్మిన ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐలో ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన 2.0 టీఎస్ఐ ఇంజిన్. రెండింటికీ ఐహెచ్ఐ కంపెనీ తయారుచేసిన ఐఎస్20 టర్బోనే. అదే కుటుంబంలో పెద్దన్న లాంటి గోల్ఫ్ ఆర్‌కి ఇంకాస్త పెద్దదైన ఐఎస్38 పెట్టారు. ఐఎస్20 ఉన్న కారుకి ఐఎస్38 దాదాపు నేరుగా బిగించొచ్చు కాబట్టి, ప్రపంచమంతా ఈ మార్పిడి బాగా పాపులర్.

ఇప్పుడు కంపెనీ ఇచ్చిన అంకెలు చూడండి. గోల్ఫ్ జీటీఐ: 220 పీఎస్, 350 ఎన్ఎం టార్క్, 1,500 ఆర్‌పీఎం నుంచే. గోల్ఫ్ ఆర్: 300 పీఎస్, 380 ఎన్ఎం, 1,800 ఆర్‌పీఎం నుంచి. ఇంజిన్ లోపల చిన్న చిన్న తేడాలున్నా, పెద్ద టర్బో ఏం ఇస్తుందో, బదులుగా ఏం తీసుకుంటుందో ఇక్కడే కనిపిస్తోంది.

"80 పీఎస్ కోసం 300 ఆర్‌పీఎం పోతే పోనీలే" అనిపిస్తుంది కదా? ఆగండి. ఈ అంకెలు ఈసీయూ కావాలని కట్టడి చేసిన టార్క్‌వి. ఐఎస్38 పెట్టించుకునేవాళ్లు కంపెనీ బూస్ట్‌తో సరిపెట్టుకోరు, ట్యూన్ చేయించి బూస్ట్ ఇంకా పెంచుతారు. ఆ ఎక్కువ బూస్ట్ పూర్తిగా రావాలంటే ఎక్కువ ఎగ్జాస్ట్ గ్యాస్ కావాలి, అంటే ఇంజిన్ ఇంకా పైకి తిరగాలి. కాగితం మీద 300 ఉన్న తేడా రోడ్డు మీద అంతకంటే పెద్దదిగా తెలుస్తుంది.

10 శాతం పెద్దదైతే ఏమవుతుంది?

టర్బోలో ఒకే షాఫ్ట్‌కి రెండు చక్రాలుంటాయి. ఒకదాన్ని ఎగ్జాస్ట్ గ్యాస్ తిప్పుతుంది, రెండోది గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఒకే ఆకారం, ఒకే లోహం అనుకుంటే, చక్రం బరువు వ్యాసానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. దాన్ని స్పీడ్ ఎక్కించడానికి ఎదురయ్యే జడత్వం మాత్రం ఐదో ఘాతంలో పెరుగుతుంది. లెక్క కడితే, చక్రం వ్యాసం 10 శాతం పెరిగితే జడత్వం దాదాపు 60 శాతం పెరుగుతుంది. బ్రోషర్‌లో "కొంచెం పెద్ద టర్బో" అని రాసినా ఫిజిక్స్ దృష్టిలో అది కొంచెం కాదు.

ఇక్కడ రెండు మాటలు కలిపేయకూడదు. ఏ ఆర్‌పీఎం కంటే కింద ఎంత తొక్కినా ఫుల్ బూస్ట్ రాదో అది బూస్ట్ థ్రెషోల్డ్. ఆ ఆర్‌పీఎం దాటాక కూడా, తొక్కిన క్షణం నుంచి బూస్ట్ వచ్చేవరకూ పట్టే టైమ్ ల్యాగ్. ల్యాగ్‌ని మంచి బేరింగ్‌లతో, తేలికైన చక్రాలతో కొంత తగ్గించొచ్చు. థ్రెషోల్డ్ మాత్రం ఎక్కువగా టర్బో సైజ్‌తోనే ఫిక్స్ అయిపోతుంది. "బాల్ బేరింగ్ సార్, ల్యాగ్ అస్సలుండదు" అని ఎవరైనా అమ్ముతుంటే, "మరి థ్రెషోల్డ్ ఎంత?" అని అడగండి.

మనం తిరిగేది ఎక్కడ?

గచ్చిబౌలి నుంచి హైటెక్ సిటీ వరకూ ఆఫీస్ టైమ్‌లో ఇంజిన్ 3,000 దాటే సందర్భాలు ఎన్ని? ఓఆర్ఆర్ మీద గరిష్ఠ పరిమితి 120. ఆ స్పీడ్‌లో టాప్ గేర్‌లో వెళ్తే ఇంజిన్ 3,000 లోపే ఉంటుంది. 5,500 పైన ప్రాణం పోసుకునే టర్బో ఈ రెండు చోట్లా నిద్రలోనే ఉంటుంది.

ఇది సరదాకి సంబంధించిన విషయం మాత్రమే కూడా కాదు. శ్రీశైలం రూట్‌లో రెండు లేన్ల రోడ్డు మీద లారీని దాటుతున్నారనుకోండి. తొక్కగానే వచ్చే 350 ఎన్ఎం మిమ్మల్ని త్వరగా మీ లేన్‌లోకి తెస్తుంది. సెకనున్నర ఆగి ఒక్కసారిగా మీద పడే 450 ఎన్ఎం అయితే ముందు భయపెడుతుంది, తర్వాత తడి రోడ్డు మీద ముందు టైర్లని జారుస్తుంది. వీఆర్ఎస్ ఫ్రంట్ వీల్ డ్రైవ్ అని మర్చిపోవద్దు.

కార్ల కంపెనీలు కూడా రెస్పాన్స్ మీదే డబ్బు పోస్తున్నాయి. 2022లో వచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ సీ43లో టర్బో షాఫ్ట్ మీదే ఎలక్ట్రిక్ మోటార్ పెట్టారు, ఫార్ములా వన్ నుంచి వచ్చిన టెక్నాలజీ. ఎగ్జాస్ట్ గ్యాస్ కోసం ఎదురుచూడకుండా మోటారే టర్బోని తిప్పేస్తుంది.

టర్బో కొనే ముందు ఇవి చూడండి

మొదటిది, మీరు ల్యాగ్ అనుకుంటున్నది నిజంగా టర్బోదేనా? డీఎస్‌జీ గేర్‌బాక్స్ డీ మోడ్‌లో మైలేజ్ కోసం త్వరగా పై గేర్లోకి వెళ్లిపోతుంది. తొక్కితే రెండు గేర్లు దించుకునే టైమ్‌ని కూడా మనం ల్యాగ్ ఖాతాలోనే వేస్తాం. పాత ఇంటర్‌కూలర్ పైపుల్లో చిన్న లీక్ ఉన్నా ఇదే ఫీలింగ్.

రెండోది, కొలవండి. ఒక మంచి ఓబీడీ డాంగిల్, మీ కారు బ్రాండ్‌ని సపోర్ట్ చేసే యాప్ చాలు. ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరు ఫోన్ చూస్తుండగా, మాన్యువల్ మోడ్‌లో మూడో గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉండి ఫుల్‌గా తొక్కండి. ఈసీయూ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్ రెండూ రికార్డ్ చేయండి. రెండూ కలవడానికి ఎంత టైమ్ పట్టిందో అదే మీ కారు లేటెన్సీ. డాంగిల్ రీడింగ్‌లు మరీ నెమ్మదిగా వస్తే మాత్రం ఈ లెక్క తేలదు.

మూడోది, ఉన్న టర్బో మీదే ఆగి చూడండి. మంచి ట్యూన్, గేర్‌బాక్స్ ట్యూన్, పెద్ద ఇంటర్‌కూలర్, మంచి టైర్లు. మే నెల ఎండలో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడెక్కితే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేసి పవర్ తగ్గిస్తుంది. అలాంటప్పుడు పెద్ద టర్బో కంటే ఇంటర్‌కూలరే ఎక్కువ ఉపయోగం. రోడ్డు కారుకి నాలాంటి చాలామందికి కథ ఇక్కడే ముగిసిపోవాలి.

అయినా మార్చాల్సిందే అంటే

పెద్ద టర్బోకి న్యాయమైన వాదన ఒకటుంది. చిన్న టర్బోని దాని పరిధి దాటి తిప్పితే గాలిని ఒత్తడం కంటే వేడి చేయడమే ఎక్కువవుతుంది. అదే బూస్ట్‌ని పెద్దది చల్లగా, తేలిగ్గా ఇస్తుంది. కోయంబత్తూరు, చెన్నై ట్రాక్‌లకి రెగ్యులర్‌గా వెళ్తూ ఇంజిన్‌ని ఎప్పుడూ 4,500 పైనే ఉంచేవాళ్లకి ఐఎస్38 సరైన ఛాయిస్. వాళ్లతో నాకు గొడవ లేదు.

మిగతావాళ్లు ట్యూనర్‌ని పీక్ నంబర్ అడగొద్దు, గ్రాఫ్ అడగండి. పాత, కొత్త టర్బోల గ్రాఫ్‌లు ఒకే డైనో మీద, ఒకే గేర్‌లో తీసినవై ఉండాలి. 2,000 నుంచి 4,000 మధ్య కొత్త గీత పాతదానికి కింద ఉంటే, మీరు రోజూ వాడే చోట డబ్బిచ్చి మరీ పవర్ తగ్గించుకుంటున్నట్టే. టర్బైన్ హౌసింగ్ ఏ/ఆర్ నంబర్ కూడా అడగండి. అదే టర్బోలో ఆ నంబర్ తక్కువైతే బూస్ట్ త్వరగా వస్తుంది, పైన ఊపిరి ఆడదు. ఎక్కువైతే దీనికి ఉల్టా.

బిల్లు కూడా టర్బోతో ఆగదు. క్లచ్‌లు, ఫ్యూయల్ పంప్, మంచి ఆక్టేన్ పెట్రోల్ అన్నీ క్యూలో ఉంటాయి. ఎక్స్‌పీ100 ప్రతి బంక్‌లో దొరకదు. వారంటీ, ఇన్సూరెన్స్ చిక్కులు సరేసరి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి టర్బో ఆర్డర్ పెట్టకముందే మీ ఆర్టీఓ దగ్గర, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర కనుక్కోండి.

పీక్ హార్స్‌పవర్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకసారి పోస్ట్ చేసుకోవడానికి పనికొస్తుంది. రెస్పాన్స్ ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి ఓవర్‌టేక్‌లోనూ పనికొస్తుంది. వీఆర్ఎస్ లాంటి కారు చేతిలో ఉంటే ఐఎస్20నే ఉంచి, దాని చుట్టూ ఉన్నవి బాగు చేయించుకోండి. నా ఓటు దానికే.