ఎనిమిది చిప్పులు, ఒక అడాప్టరు

నలభై ఏళ్ళు దాటిన కంప్యూటరుకి మెమరీ మార్పించడం కోసం షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మూడు శుక్రవారాలు తిరిగానంటే మా ఆవిడ నవ్వింది. మీరూ నవ్వండి, ఫర్వాలేదు. కానీ ఆ తిరుగుడులో నా ఉద్యోగం గురించి నాకే ఒక విషయం తెలిసొచ్చింది.

ఆ కంప్యూటరు 1982లో వచ్చిన కమడోర్ 64. నిజానికి నేను వెతికింది దీనికోసం కాదు. 1980ల్లో గల్ఫ్ పిల్లలు వాడిన, కువైట్ కంపెనీ వాళ్ళ అరబిక్ కంప్యూటరు 'సఖ్ర్' కోసం. అది దొరకలేదు, ఇది దొరికింది. ఇంటికి తెచ్చి టీవీకి తగిలిస్తే నల్ల తెర!

ఇందులో మెమరీ 64 కిలోబైట్లు. పాత బోర్డుల్లో 4164 అనే చిప్పులు ఎనిమిది ఉంటాయి. మీరు ఒక బైటు దాచితే దాని ఎనిమిది బిట్లూ ఎనిమిది చిప్పుల్లోకి తలా ఒకటి చొప్పున పోతాయి. ఒక చిప్పు పాడైతే ప్రతి బైటులోనూ ఆ బిట్టే తప్పుతుంది. అందుకే డెడ్ టెస్ట్ కార్ట్రిడ్జి పెడితే తెర మినుకుమంటుంది. ఎన్నిసార్లో లెక్కపెడితే పోయిన చిప్పేదో తెలిసిపోతుంది. కంప్యూటర్ సైన్సులో ఎంఎస్ చేసిన నేను బిట్టుని ఇలా కళ్ళారా చూడడం అదే మొదలు.

మూడు మినుకులు. ఒక కొట్లో ఆ చిప్పు మార్పించాను. నాలుగు రోజులు ఆడి మళ్ళీ నల్ల తెర. ఈసారి అయిదు మినుకులు. నాకు చిరాకేసి, ఎనిమిదీ మార్చిపారేద్దామని ఎనిమిది చిప్పులు కొని ఇంకో కొట్టుకి వెళ్ళాను. అక్కడ రిపేర్లు చేసేది జగిత్యాల ఆయన. నా తెలుగు వినగానే అడిగాడు.

"సార్, ముందుగాల అడాప్టర్ల కరెంటు ఎంతొస్తుందో చూసిండ్రా?"

చూడలేదు. మీటరు పెట్టాడు. 5 వోల్టులు రావలసిన చోట 6 దాటింది. ఎవరో ఎప్పుడో తగిలించిన డూప్లికేట్ అడాప్టరు అది. లోపల రెగ్యులేటరు పాడై, ఎక్కువ వోల్టేజీ నేరుగా మెమరీ మీద పడుతోంది. ఎనిమిదీ మార్చినా వరసగా ఎనిమిదీ పోయేవే.

"ఎమ్యులేటర్లో ఆడుకోవచ్చుగా, ఈ పాట్లెందుకు?" అని మిత్రులంటారు. ఎమ్యులేటర్ బాగానే ఉంటుంది, కానీ దాని అడాప్టరు పాడవదు కదా! మన వృత్తిలో కారణం వెతకడం మానేసి చాన్నాళ్ళయింది. ఒక క్లయింటు సర్వర్లో మెమరీ లీకుంటే, రోజూ రాత్రి రెండింటికి రీస్టార్ట్ అయ్యేలా స్క్రిప్టు రాసి ఇన్వాయిస్ పంపినవాణ్ణి నేనే. మూడేళ్ళయింది, ఆ స్క్రిప్టు ఇంకా నడుస్తోంది.

ఆయన పాడైన చిప్పు కాళ్ళు ముందు కత్తిరించి, ఒక్కో కాలూ విడిగా వేడిచేసి తీశాడు. అలా అయితే బోర్డు మీది రాగి గీతలు లేచిపోవట. అక్కడ సాకెట్ పెట్టి కొత్త చిప్పు గుచ్చాడు. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారంటే, ఇక్కడే చూసి చూసి అన్నాడు. వీసాలో మాత్రం 'హెల్పర్' అనే ఉందట.

అరవై దిర్హాములు తీసుకున్నాడు. నా గంట రేటు ఎంతో అడగలేదు, నేనూ చెప్పలేదు. మిగిలిన ఏడు చిప్పులూ కాగితంలో చుట్టి తిరిగిచ్చాడు.